రెండో చుట్టుకు నిలవని బొమ్మ

పొట్టిబావ తనకు చేసిన అన్యాయాన్ని నంబర్ల మేస్త్రి ప్రతి ఉదయం గడ్డం గీసుకుంటూ మొదటి నుంచి చివరి దాకా ఒకసారి తలుచుకుంటాడు. కుడి చెంప పూర్తయ్యేదాకా బావ మంచివాడుగానే ఉంటాడు. గడ్డం కిందికి వచ్చేసరికి మాట మారుస్తాడు. ఎడమ చెంప మీద కత్తి ఆడుతుండగా బొమ్మను బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. సరిగ్గా అక్కడే మేస్త్రికి రోజూ కాస్త తెగుతుంది.

"అయిందా మీ బావ పారాయణం?" అంది భార్య వంటగదిలోంచి.

"అయింది."

"రక్తం వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే రొట్టె కాలుస్తాను, రండి."

ఆవిడ ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆ కథ విని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తర్వాత ఊకొట్టింది. ఇప్పుడు గడియారం బదులు వాడుకుంటోంది.

మేస్త్రి పొడుగాటి మనిషి. కానీ బస్సుల వెనక గొంతుక్కూర్చుని అంకెలు వేసీ వేసీ వెన్ను కొడవలిలా వంగింది, మెడ ఎడమకు ఒరిగింది. నిలబడి మాట్లాడుతున్నా ఎవరి జేబులోకో తొంగి చూస్తున్నట్టు ఉంటాడు. కుడి చేతి చూపుడువేలి గోరు చుట్టూ పసుపు రంగు ఎప్పటికీ వదలదు. డిపోలో తిరిగే ప్రతి బస్సు వీపు మీదా ఒకప్పుడు అతని అంకెలే ఉండేవి. తర్వాత స్టిక్కర్లు వచ్చాయి. ఇప్పుడు స్టిక్కరు నిలవని చోట మాత్రం మేస్త్రిని పిలుస్తారు. "స్టిక్కరుకు జ్వరం వస్తే నన్ను పిలుస్తారు" అంటాడు తను. నవ్వుతూ అన్నట్టే ఉంటుంది గానీ, నవ్వు మొహం దాకా రాదు.

ఆ రోజు సెలవు. అయినా డిపోకు వెళ్ళక తప్పలేదు. గోడకు గుద్దుకున్న బస్సుకు వెనక రేకు మార్చారు, నంబరు లేకుండా అది రోడ్డెక్కకూడదు. మేస్త్రి డబ్బా మూత తెరిచి, రంగు కలిపి, బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసి చూసుకున్నాడు. జారలేదు. రేకు ముందు కూర్చున్నాడు. ఎనిమిది అంకెను అందరిలా రెండు సున్నాలుగా వెయ్యడు. పై నుంచి ఒక మెలిక దింపి, కింది నుంచి ఒక మెలిక లేపుతాడు. రెండూ నడుము దగ్గర కలుసుకునేటప్పుడు ఊపిరి బిగపడతాడు.

"మేస్త్రీ, కాస్త అదృష్టమున్న నంబరు వెయ్యరాదూ?" అన్నాడు బస్సు డ్రైవరు, పక్కన నిలబడి.

"అదృష్టం నంబర్లో ఉంటే నువ్వు గోడనెందుకు గుద్దుతావు?"

మేస్త్రి కుంచె కడిగి, చివర నోట్లో పెట్టి మొన తీర్చి, గుడ్డలో చుట్టి, చొక్కా మార్చుకుని బొమ్మల పోటీ హాలుకు నడిచాడు.

ఇంతకీ బావ చేసిన అన్యాయం ఏమిటంటే:

మేస్త్రికి చదువు అబ్బలేదు. ఏడో తరగతిలో బడి మానేసి అక్క ఇంటికి చేరాడు. అక్క మొగుడు పొట్టిబావ చిన్న చిన్న మనుషుల్ని చేసేవాడు. మేడలు కట్టేవాళ్ళు ముందుగా అట్టతో నమూనా చేసి బల్ల మీద పెడతారు కదా, ఆ నమూనాల్లో మెట్ల మీదా గుమ్మాల దగ్గరా నిలబడే గోరంత మనుషులు. వాళ్ళను దోసిళ్ళతో అమ్మేవాడు. కూడు పెట్టేది ఆ పని. మనసు పెట్టేది మాత్రం బొటనవేలంత బొమ్మల మీద. బావ బొమ్మను మలిచేవాడు, బావమరిది రంగు వేసేవాడు. ఒక ఏడు ఇద్దరూ కలిసి తడిబట్ట పిండుతున్న ఇద్దరు ఆడవాళ్ళను చేశారు. చెరో కొసా పట్టుకుని మెలిపెడుతున్నారు. మేస్త్రికి అప్పుడు నిండా ఇరవై లేవు. ఆ బట్టకు తను వేసిన తడి చూస్తే, వేలు పెట్టినవాడు వేలు తుడుచుకోవాలి. ఆ కళ్ళకు వేసిన జీవం చూస్తే, ఎదురుగా నిలబడ్డవాడు తప్పుకుని దారి ఇవ్వాలి. అలా అని మేస్త్రి చెబుతాడు. ఏటేటా ఆ తడి ఇంకొంచెం పెరుగుతూ వచ్చింది.

పోటీ ముందు రోజు బావ ఆ బొమ్మను కిటికీ దగ్గర చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. "ఇది వద్దురా. ఇంకా రాలేదు నీకు. ఇప్పుడే మెప్పు దొరికితే అక్కడే కూలబడతావు. ఒక ఏడాది ఆగు" అన్నాడు. బీరువాలో పెట్టాడు. తను ఒంటరిగా చేసుకున్న చెప్పులు కుట్టే ముసలాడి బొమ్మను పోటీకి పంపాడు. మొదటి బహుమతి వచ్చింది. మేస్త్రి మర్నాడు పొద్దున్నే బట్టలు మూటగట్టుకుని డిపోలో చేరాడు. ఆ తర్వాత ఎన్నడూ ఏ బొమ్మకూ రంగు వెయ్యలేదు. అక్కను పెళ్ళిళ్ళలో చూస్తాడు, చావుల్లో చూస్తాడు. బావ ఉన్న గదిలో మాత్రం కాలు పెట్టడు. జీవితంలో తనవల్ల అయిన ఒకే ఒక గొప్ప పని బావ బీరువాలో చీకటి పాలయిందని, అది ఆ రోజు బల్ల ఎక్కి ఉంటే తన బతుకు బస్సుల వెనక తెల్లారేది కాదని ఇరవై ఏళ్ళకు పైగా నమ్ముతున్నాడు. కొందరికి పొలం ఉంటుంది, కొందరికి పింఛను ఉంటుంది. మేస్త్రికి ఇది ఉంది.

బొమ్మలు మానేసినా కన్ను మానలేదు. ఎవరి బొమ్మలో లోపమైనా గుమ్మంలోంచే పట్టేస్తాడని పేరు వచ్చి, పోటీ సంఘం వాళ్ళు తీర్పరిగా పిలిచారు. ఆ పిలుపుకు ఎందుకు ఒప్పుకున్నాడో అడిగితే చెప్పడు గానీ, ఇంకొకళ్ళ బొమ్మను ఓడినవాటిని పెట్టే గోడ బల్లకు పంపినప్పుడల్లా ఎడమ చెంప మీద గాటు కాస్త చల్లబడేది.

పోటీ హాలు గ్రంథాలయం మేడ మీద ఉంటుంది. పొడుగాటి గది, ఒకవైపంతా కిటికీలు, మూడు వరుసల బల్లలు, వాటి మీద తెల్ల గుడ్డలు. తెచ్చినవాళ్ళు మెట్ల పక్క కిటికీలోంచి బొమ్మను అందిస్తారు. గడియారాలు బాగుచేసే సెక్రటరీ దాన్ని అందుకుని, వాళ్ళ పేరు కవరులో పెట్టి అంటించి, కవరు మీద ఒక నంబరు రాసి బిస్కెట్ల డబ్బాలో పడేస్తాడు. అదే నంబరు చీటీ బొమ్మ కింద పెడతాడు, ఇంకో చీటీ తెచ్చినవాళ్ళ చేతిలో పెడతాడు. ఆ తతంగం అయ్యేదాకా ముగ్గురు తీర్పరులూ వెనక గదిలో తలుపేసుకుని టీ తాగుతూ కూర్చోవాలి. ఎవరు ఏం తెచ్చారో వాళ్ళు చూడకూడదు.

మిగతా ఇద్దరిలో ఒకరు పళ్ళమ్మ. కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. బొద్దుమనిషి, చేతులు మాత్రం పదేళ్ళ పిల్లవి. పెళ్ళికి ముందు, మేస్త్రి అక్కడున్న రోజుల్లోనే, పొట్టిబావ దగ్గర మైనం పోత పొయ్యడం నేర్చుకుంది. రెండోవారు డ్రాయింగు మాస్టారు. బడి నుంచి రిటైరయినా బడి అలవాటు పోలేదు. ఎవరినీ ఫెయిలు చెయ్యలేరు.

"మాస్టారూ, ఈసారైనా గుండీలు కాస్త దాచుకోండి. పోయినేడు చాలకపోతే చొక్కావి తెంపారు" అంది పళ్ళమ్మ.

"ఏదో ప్రయత్నం ఉంటుంది కదమ్మా పాపం."

"పళ్ళు కట్టించుకునేవాడు ప్రయత్నం ఉందంటే ఊరుకోడు మాస్టారూ, కొరకాలంటాడు."

సెక్రటరీ చేతిగంట ఊపాడు. ముగ్గురూ లేచారు.

తీర్పు పద్ధతి పాతది. మొదటి చుట్టులో బొమ్మను ముట్టుకోరు. ఒక్కొక్కరి దగ్గర ఒక డబ్బీ నిండా తెల్ల చొక్కా గుండీలు ఉంటాయి. నిలవాలనుకున్న బొమ్మ పక్కన గుండీ పెడతారు. రెండు గుండీలు పడ్డది రెండో చుట్టుకు నిలుస్తుంది, పడనిది గోడ పక్క బల్లకు పోతుంది. రెండో చుట్టులో చేతిదీపం, భూతద్దం తెస్తారు. బొమ్మను పీట పట్టుకుని ఎత్తి, వీపూ చంకలూ అరికాళ్ళూ చూస్తారు. ఇంకో నియమం ఉంది. రంగు వేసిన చెయ్యి ఎవరిదో తీర్పరికి తెలిసిపోతే, గుండీ జేబులో వేసుకుని గోడకు తిరిగి నిలబడాలి. అది ఎవరి చెయ్యి అని ఎవరూ అడగరు. అప్పుడు మిగిలిన ఇద్దరూ మాట్లాడుకోవచ్చు, ఇద్దరూ గుండీ పెడితేనే బొమ్మ నిలుస్తుంది.

మొదటి బల్ల మీద గుర్రం మీద సైనికుడు. పోత అతుకు గీత నడినెత్తి మీద అలాగే ఉంది, పుట్టుకతో పాపిడి తీసినట్టు. మేస్త్రి ముందుకు కదిలాడు. తర్వాత చేపలమ్మే ముసలాయన, బుట్టలో చేపలకు ఆయన కంటే ఎక్కువ ప్రాణముంది. గుండీ పెట్టాడు. ఆ తర్వాతది గొడుగు కింద జంట. ఉక్క రోజున మెరుపు తగ్గించే పూత పూసినట్టున్నాడు, జంట మొత్తం బూజు పట్టినట్టు తెల్లబారింది. ఏ రాత్రి పూశాడో, ఎంత ఏడ్చాడో. మాస్టారు అక్కడా గుండీ పెట్టారు.

కిటికీ వైపు బల్ల కొసన తాడు లాగుతున్న ఆడమనిషి ఉంది.

బొటనవేలంత మనిషి. వెనక్కి వాలి, రెండు చేతులూ చాచి, తాడు బిగపట్టింది. తాడు రెండో కొస పీట అంచున కొక్కేనికి కట్టి ఉంది. మేస్త్రి కాళ్ళు ఆగిపోయాయి. మలిచింది పొట్టిబావ. అనుమానం లేదు. బావ చేసిన మనిషి ఎప్పుడూ బరువు వెనక మడమ మీదే వేస్తాడు. మోచేతి దగ్గర గుడ్డ మడతలు బావవి తప్ప ఇంకొకరివి కావు.

గుండీ మీద మేస్త్రి వేళ్ళు బిగుసుకున్నాయి. గోడకు తిరగాలా? నియమం రంగు వేసిన చేతి గురించి కదా. బావ చేసిన పోతలు దుకాణాల్లోనూ దొరుకుతాయి, ఎవరైనా కొని రంగు వెయ్యొచ్చు. బావ రంగు పలచగా, మాట్లాడని మనిషిలా ఉంటుంది. ఇది అరుస్తోంది. పైపూత పాతబడి పసుపుబారింది, దాని కింద నీలం కాస్తా నాచు రంగుకు తిరిగింది. ఎవడో ఎప్పుడో వేసి, ఇప్పుడు దుమ్ము దులిపి తెచ్చాడు. వేసినవాడెవడో మేస్త్రికి తెలియదు. తెలియనప్పుడు తిరగనక్కర్లేదు.

తల ఎత్తేసరికి పళ్ళమ్మ తన వైపే చూస్తోంది. దేనికో ఎదురుచూస్తున్నట్టు చూసింది. మేస్త్రి కదలకపోయేసరికి కనుబొమలు పైకెత్తి, గుండీ జేబులో వేసుకుని, గోడకు తిరిగి నిలబడింది.

ఓహో, ఈవిడ శిష్యుడెవడో వేశాడన్నమాట, అనుకున్నాడు మేస్త్రి.

మాస్టారు గుండీ పెట్టేశారు. "జీవం ఉందండీ ఇందులో."

"జీవం కాదు మాస్టారూ, గాభరా. ఆ కళ్ళు చూడండి, ఇంట్లో దొంగ దూరినట్టు విప్పింది. బరువు లాగే మనిషి కళ్ళు చికిలిస్తుంది గానీ ఇంత విప్పుతుందా? ఇది వేసినవాడికి కళ్ళు వెయ్యడం వచ్చని మనకు చూపించాలి, అంతే." మేస్త్రి ఒంగి ఇంకా దగ్గరికి వెళ్ళాడు. గొంతులో హుషారు వచ్చింది. "ముక్కు నీడ ఎడమన పడింది. భుజం నీడ కుడిన పడింది. ఈవిడ ఊళ్ళో సూర్యుళ్ళు ఇద్దరు."

మాస్టారు నవ్వి, "అయినా చెయ్యి ఉందండీ వేసినవాడికి" అన్నారు.

"చెయ్యి ఉంది. కాదనను. ఆ మడమలు చూడండి, మట్టి ఎండి పగిలినట్టు ఎంత బాగా వచ్చాయో. ఎవరూ చూడరనుకున్న చోట బుద్ధిగా వేశాడు. చూస్తారనుకున్న చోటల్లా ఎగిరాడు. వీణ్ణి ఇప్పుడు నిలబెడితే అంతా వచ్చేసిందనుకుంటాడు. ఇక నేర్చుకోడు."

గోడకు తిరిగిన పళ్ళమ్మ భుజాలు ఒకసారి కదిలాయి. దగ్గిందో నవ్విందో తెలియలేదు.

మేస్త్రి గుండీ పెట్టలేదు. సెక్రటరీ వచ్చి తాడు లాగే మనిషిని గోడ బల్లకు తీసుకుపోయాడు.

మధ్యాహ్నమంతా రెండో చుట్టుతో గడిచిపోయింది. మొదటి బహుమతి చేపల ముసలాయనకు వచ్చింది. బిస్కెట్ల డబ్బా తెరిచి కవరు చింపితే, వేసింది ఎవరో బడి వంటమనిషి. ఆవిడ పేరు పిలవగానే ఏడ్చేసింది. గెలిచినవి ఏడాది పాటు హాల్లోని అద్దాల బీరువాలో ఉంటాయి. నిలవనివాటిని సాయంత్రం చీటీ చూపించి ఎవరివి వాళ్ళు తీసుకుపోవాలి. వాటి కవర్లు తెరవరు. ఓడినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియనివ్వకపోవడం ఆ సంఘం పెద్దమనిషితనం.

మేస్త్రి టోపీ తీసుకుని గుమ్మం దగ్గరికి వస్తుంటే పళ్ళమ్మ పక్కకు వచ్చింది.

"నిజంగా తెలియలేదా మేస్త్రీ?"

"ఏమిటి తెలియనిది?"

ఆవిడ అతని మొహంలోకి చూసి, ఉన్న నవ్వును మింగేసింది. "ఏం లేదులెండి. అదిగో మీ అక్క వస్తోంది." గబగబా మెట్లు దిగిపోయింది.

అక్క నిజంగానే వస్తోంది. మెట్లెక్కి ఆయాసపడుతూ, ఒక చేత్తో పక్క గోడ పట్టుకుని. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. కుడి పిడికిలిలో చీటీ. తమ్ముణ్ణి చూసి పలకరించకుండా సూటిగా గోడ బల్ల దగ్గరికే వెళ్ళింది. తాడు లాగే మనిషి అక్కడ కనపడగానే భుజాలు దించేసుకుంది.

"నిలవలేదన్నమాట" అంది.

"అదా? అది నువ్వు తెచ్చావా? ఎవరు వేశారే దాన్ని?"

అక్క తిరిగి చూసింది. "ఎవరు వెయ్యడమేమిట్రా? నువ్వే."

మేస్త్రి నవ్వబోయాడు.

"బట్ట పిండే ఆడవాళ్ళు గుర్తులేదూ? ఇల్లు మారినప్పుడు బట్ట పగిలి పొడయింది, రెండో ఆవిడ నడుముకు విరిగింది. ఈవిడ ఒక్కతే మిగిలింది. చేతులు ఖాళీగా చాపుకుని అడుక్కుంటున్నట్టుందని మీ బావే తాడు పెట్టారు. రంగు మాత్రం ముట్టుకోలేదు. నీదే."

మేస్త్రి బొమ్మ మీదికి వంగాడు. అదే నాచు రంగు. పైపూత పసుపు తీసేసి చూస్తే నీలం. తను కలిపిన నీలం. ఆ కళ్ళు. దారి ఇవ్వాలనిపించే కళ్ళని ఇన్నాళ్ళు చెప్పుకున్న కళ్ళు. ఇంట్లో దొంగ దూరినట్టు తన మొహంలోకి చూస్తున్నాయి. పళ్ళమ్మ గోడకు ఎందుకు తిరిగిందో అప్పుడు అర్థమైంది.

"ఎవరు పంపమన్నారు దీన్ని?"

"మీ బావే. డాక్టరు చేతులెత్తేశాడురా. మాట కూడా పూర్తిగా రావడం లేదు. మొన్న బీరువా తియ్యమని, దీన్ని చేతిలో పెట్టుకుని, 'నేనే తప్పు చూశానేమో. వాడి బతుకు పాడు చేశానేమో. పేరు లేకుండా ఒకసారి ఆ బల్ల మీద నిలబెట్టు. నిలిస్తే వాడి కాళ్ళు పట్టుకుంటాను' అన్నారు." అక్క చీటీని నలుపుతోంది. "పొద్దుటి నుంచీ తలుపు వైపే చూస్తున్నారు. ఏం చెప్పను? ఏది చెబితే ఆయనకు మంచిదో నాకు తోచడం లేదు. నువ్వొచ్చి నీ నోటితో ఏదో ఒకటి చెప్పు."

మెట్లు దిగేటప్పుడు అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ రోడ్డెక్కారు. బొమ్మ అక్క సంచిలో ఉంది. మేస్త్రి తలలో మాత్రం ఒక మాట అటూ ఇటూ తిరుగుతోంది. నిలిచింది. ఒక్క మాట. ఆ మాట అంటే చాలు, రోజూ అద్దం ముందు నిలబడి ఎదురుచూసినదంతా తన ముందుకు నడిచి వస్తుంది. బావ క్షమించమంటాడు. కవరు తెరవలేదు, సంఘం చెప్పదు, పళ్ళమ్మ నోరు విప్పదు. అక్క కూడా ఊరుకుంటుంది. ఇంత సుళువుగా దొరికే న్యాయం ఈ ఊళ్ళో ఇంకెక్కడా లేదు. వంతెన దాటేదాకా ఆ మాట నోట్లో చప్పరిస్తూనే నడిచాడు.

ఇల్లు మారింది గానీ గది అదే గది. జిగురు వాసన, మైనం వాసన, కిటికీ కింద పని బల్ల. మంచం బల్లకు ఆనించి వేశారు. పొట్టిబావ ఎప్పుడూ చిన్న మనిషే. జబ్బు ఇంకా చెక్కేసింది. దుప్పటి కింద ఉన్నది మనిషో మడతో తెలియలేదు. కళ్ళు మాత్రం తలుపు దగ్గరే ఉన్నాయి.

"వచ్చావుట్రా" అన్నాడు. మాట గాలిలో సగమే వచ్చింది.

మేస్త్రి మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. బావ చెయ్యి దుప్పటి అంచు మీద ఉంది. వేళ్ళ చివర్లు బల్లపరుపుగా అరిగిపోయి ఉన్నాయి, జీవితమంతా మైనం ఒత్తిన వేళ్ళు. ఆ చెయ్యి తన కాళ్ళ వైపు రావడానికి సిద్ధంగా ఉన్నట్టు అనిపించింది.

"నిలవలేదు బావా" అన్నాడు మేస్త్రి. "మొదటి చుట్టులోనే పోయింది."

బావ కళ్ళు మూసుకున్నాడు. చాలాకాలంగా ఎత్తి పట్టుకున్న బస్తా దించినట్టు ఊపిరి వదిలాడు.

"ఎవరు తీశారు?"

"నేనే. మాస్టారు ఉంచమన్నారు. నేనే తీశాను."

"నీదని తెలిసేనా?"

"తెలియక."

దుప్పటి కదిలింది. బావ నవ్వుతున్నాడు. నవ్వు దగ్గయింది, అక్క వచ్చి తల ఎత్తి పట్టుకుని నీళ్ళు తాగించింది. "ఏమిట్రా, వచ్చీ రాగానే చంపుతావా ఆయన్ని" అంది గానీ, ఆవిడ మొహమూ విచ్చుకుంది.

"ఏం తప్పు పట్టావు?" అన్నాడు బావ.

"కళ్ళు."

"ఆఁ. కళ్ళే. ఇంకా?"

"ముక్కు నీడ ఒకవైపు, భుజం నీడ ఇంకోవైపు."

"అదేమిటి, అది నేను చూళ్ళేదే!" బావ చెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చింది. "ఏదీ, ఇలా తే."

అక్క సంచిలోంచి బొమ్మ తీసి ఇచ్చింది. మేస్త్రి దాన్ని బావ కళ్ళ ముందు పట్టుకుని మెల్లగా తిప్పాడు. ఒకప్పుడు పాత ఇంట్లో ఇలాగే తిప్పేవాడు, బావ ఒకటే కన్ను తెరిచి చూసేవాడు. ఇప్పుడూ ఒకటే కన్ను తెరిచాడు.

"అవున్రా. ఇద్దరు సూర్యుళ్ళు. ఇన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని నేను చూళ్ళేదు." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మరి మడమలు?"

"మడమలు బాగున్నాయి. అవి నువ్వు వేశావు కదూ?"

"నేను ముట్టుకోలేదు. తాడొక్కటే నాది." బావ కన్ను బొమ్మ మీంచి మేస్త్రి మీదికి వచ్చింది. "ఆ మడమలు చూసేరా, ఆగమన్నాను."

ఆ మాట ఆ రోజే చెప్పి ఉండొచ్చు కదా అని మేస్త్రి నోటిదాకా వచ్చింది. చెప్పి ఉంటే తను వినేవాడా? ఇరవై లేని పొగరు, మూట కట్టుకునే చేతులు. అక్క టీ పెడతానని లోపలికి వెళ్ళింది. గిన్నె చప్పుడు వినిపించింది.

"బల్లలెన్ని?" అన్నాడు బావ కళ్ళు మూసుకునే.

"మూడు వరుసలు. ఈసారి బాగానే వచ్చాయి. చేపల ముసలాయన ఒకడు ఉన్నాడు బావా, నువ్వు చూడాల్సింది. చేపలకు పూత మీద పూత, పూత మీద పూత. బడి వంటావిడ వేసింది. పొలుసు మీద మెరుపు ఎలా తెచ్చిందో నాకే అంతు పట్టలేదు. గుడ్డుసొనలాంటిదేదో కలిపి ఉంటుంది..."

చెబుతూనే బొమ్మను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పొద్దు వాలుతోంది. మడమలను వెలుతురుకు తిప్పాడు. పగుళ్ళు, పగుళ్ళ అంచున ఎండిన మట్టి, లోపల కాస్త ఎరుపు. ఏ కుంచెతో వేశానబ్బా, అని తలుచుకోబోతే గుర్తుకు రాలేదు. చేపల సంగతి ఇంకా చెబుతూనే వెనక్కి తిరిగాడు. బావ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, ఇంకేదో అడగబోతున్నట్టు. దుప్పటి కదలడం లేదు.

మేస్త్రి మాట మధ్యలో ఆగాడు. తర్వాత, ఎందుకో తెలియదు, ఆ వాక్యం చిన్నగా పూర్తి చేశాడు.

అక్క టీ గ్లాసులతో వచ్చి, ఇద్దరినీ చూసి, గ్లాసులు కింద పెట్టింది. గట్టిగా ఏడవలేదు. మంచం మీద కూర్చుని ఆయన తల సర్దింది. "తలుపు వైపు చూడడం మానేశారు. అంతే చాలు" అంది.

డాక్టరు వచ్చి వెళ్ళాడు. పక్కింటివాళ్ళు కుర్చీలు తెచ్చి గుమ్మం బయట వేశారు. మేస్త్రి భార్య కబురు తెలిసి వచ్చి, మొగుడి చెంప మీద పొద్దుటి గాటు వైపు చూసింది. వచ్చినవాళ్ళంతా పొట్టిబావ మంచితనం చెప్పారు. మేస్త్రి అందరికీ తల ఊపాడు. లెక్క చెప్పుకుంటే ఆ సాయంత్రం అతనికి పోయినవి రెండు, ఒక బావ, ఒక పగ. బావ పోయినందుకు పరామర్శించడానికి వీధి వీధంతా వచ్చింది. రెండోదాని కోసం ఎవరూ రాలేదు. రేపు పొద్దున్న అద్దం ముందు నిలబడి ఏం తలుచుకోవాలో అతనికి తెలియలేదు.

"తమ్ముడూ, ఆ బల్ల మీద దీపం కాస్త వెలిగించరా" అంది అక్క.

మేస్త్రి పని బల్ల ముందు కూర్చుని మీట నొక్కాడు. దీపం కింద వేలెడంత వెడల్పు చెక్కముక్క ఉంది. దాని మీద బావ చివరిసారి ఎవరి మేడ కోసమో చేస్తూ ఆపేసిన గోరంత మనుషులు వరసగా నిలబడి ఉన్నారు, రంగు ఎరగని బూడిద మనుషులు, కొసనున్నవాడికి ఇంకా తల పెట్టలేదు, అది పక్కనే గుండుసూది మొన మీద ఆరుతోంది.